మొక్కల లెక్క జూన్‌లో తీయండి

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి శాఖ పెద్దలకు, వనమహోత్సవం లక్ష్యాలను నిర్ణయించే ఉన్నతాధికారులకు,

సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలోని బోరంచ నుంచి రాస్తున్న బహిరంగ లేఖ.

శివరాత్రి వెళ్లిపోయింది. ఇక రోజుకింత చొప్పున ఎండ ముదురుతుంది. నిరుడు వానాకాలంలో మీ ఆదేశాల మీద ఊరూరా నాటిన మొక్కలకు ఇదే మొదటి ఎండాకాలం. ఈ వేళప్పుడు మీ కార్యాలయాల్లో ఏ పని జరుగుతుంటుందో మాకు తెలుసు. వచ్చే వానాకాలానికి జిల్లాకు ఎన్ని మొక్కలు, మండలానికి ఎన్ని, ఊరికి ఎన్ని అని పంపకాలు వేస్తుంటారు. నర్సరీల్లో కవర్లలో మట్టి నింపిస్తుంటారు. నిరుటి మొక్కలు ఏమయ్యాయని అడిగే కాగితం మాత్రం ఏ ఫైల్లోనూ కనిపించదు. జూలైలో మొక్కలను లెక్కపెట్టి, ఏప్రిల్‌లో వాటిని గాలికి వదిలేసే ఈ పద్ధతిని మేం ఒప్పుకోలేం. ఈ లేఖ రాయడానికి కారణం అదే.

2015 జూలై 3న చిలుకూరులో హరితహారం మొదలైంది. మొత్తం 230 కోట్ల మొక్కలు నాటి, రాష్ట్రంలో 24 శాతంగా ఉన్న పచ్చదనాన్ని 33 శాతానికి తీసుకెళ్తామని అప్పుడు చెప్పారు. ప్రభుత్వం మారాక ఆ కార్యక్రమమే వనమహోత్సవం అయింది. నిరుడు, 2025 జూలై 7న రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో దాన్ని ప్రారంభిస్తూ సుమారు 18 కోట్ల మొక్కల లక్ష్యం పెట్టుకున్నారు. పదేళ్లుగా మేం వింటున్న అంకెలన్నీ నాటబోయేవి, లేదంటే నాటినవి. బతికినవి ఇన్ని అని వేదిక మీద నిలబడి ఎవరైనా, ఎప్పుడైనా చెప్పారా? చెప్పి ఉంటే ఆ మాట బోరంచ దాకా రాలేదు.

చట్టం లేదా అంటే ఉంది, అదీ మీరు రాసుకున్నదే. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి. ఆ బాధ్యత సర్పంచుది, పంచాయతీ కార్యదర్శిది. ప్రతి ఊరికి నర్సరీ ఉండాలి, పంచాయతీ బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించాలి. ఇంత గట్టి చట్టం దేశంలో ఇంకెక్కడా లేదని అప్పట్లో గొప్పగా చెప్పుకున్నారు. కానీ ఆ 85 శాతాన్ని ఏ నెలలో కొలవాలి? నాటిన మూడు వారాలకు వెళ్లి చూస్తే నూటికి తొంభైకి పైగానే బతికి ఉంటాయి. అప్పుడు వాటిని సాకేది వాన. పంచాయతీ పనితనం తెలియాలంటే వాన ఆగాక కూడా చూడాలి కదా! ఏప్రిల్, మే నెలల్లో మొక్క దగ్గరికి ఎవరు వచ్చారు, ఎన్నిసార్లు నీళ్లు పోశారు అన్నది తేలకుండా వేసే శాతాలతో పరీక్ష రాయకముందే మార్కులు వేసినట్టవుతోంది.

మొక్కలు ఎండిపోయాయని నోటీసులు అందుకున్న సర్పంచులున్నారు, కార్యదర్శులున్నారు. తప్పు చేసినవాళ్లకు నోటీసు ఇవ్వాల్సిందే. మరి నీళ్ల ట్యాంకరుకు డీజిల్ పోయించే డబ్బులు నెలల తరబడి పంచాయతీ ఖాతాలో పడకపోతే నోటీసు ఎవరికి ఇవ్వాలి? సొంత జేబులోంచి డీజిల్ కొట్టించామని కార్యదర్శులు వాపోయిన మాట మీ చెవిన పడలేదా?

ఒక చిన్న లెక్క వేద్దాం. పల్లె ప్రగతి కార్యక్రమం నడిచిన రోజుల్లో ప్రతి పంచాయతీకి ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు ఇప్పించారు. మంచి పనే, కాదనం. నాలుగు వేల లీటర్ల ట్యాంకరు అనుకుందాం. ఎండాకాలంలో ఏడాది వయసున్న మొక్కకు వారానికి ఒకసారైనా ఇరవై లీటర్లు అందాలి. అంటే ఒక ట్యాంకరు నీళ్లు రెండు వందల మొక్కలకు సరిపోతాయి. ఊరికి మూడు వేల మొక్కల లక్ష్యం ఇస్తే వారానికి పదిహేను ట్యాంకర్లు కావాలి. బోరు దగ్గర నింపుకోవడం, మొక్క మొక్కకూ ఆపి పోయడం, మళ్లీ వెనక్కి రావడం కలిపితే రోజుకు మూడు ట్రిప్పులు పడటమే గగనం. అంటే వారంలో ఐదు రోజులు ట్రాక్టరుకు ఇదే పని. కానీ పొద్దున చెత్త సేకరించేది ఆ ట్రాక్టరే. దాన్ని నడిపేది, మోరీలు తీసేది, వీధిదీపాలు వేసేది ఆ ఇద్దరు ముగ్గురు మల్టీపర్పస్ కార్మికులే. నెలకు తొమ్మిదిన్నర వేల జీతగాళ్లు. అది కూడా నెల నెలా చేతికందదు. లక్ష్యం ఖరారు చేసేటప్పుడు మీరు ఈ లెక్క వేశారా? వేసి ఉంటే ఊరికి ఎన్ని మొక్కలు ఇవ్వాలన్నది ఆ ఊరి ట్యాంకరే తేల్చేది.

మొన్న డిసెంబరులో మూడు విడతలుగా ఎన్నికలు జరిగి పంచాయతీలకు కొత్త పాలకవర్గాలు వచ్చాయి. దానికి ముందు దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారులు నడిపారు. 2024 ఫిబ్రవరి మొదలు ఊరికి సర్పంచు లేడు. అడుగుదామంటే ప్రత్యేకాధికారి ఒకేసారి ఎన్నో ఊళ్లకు అధికారి. ఆ రెండు వానాకాలాల్లోనూ మొక్కలు నాటించారు, ఫొటోలు అప్‌లోడ్ చేయించారు. ఇప్పుడు కొత్త సర్పంచు చేతికి ఏం అప్పగించారు? రిజిస్టరులో నాటిన మొక్కల సంఖ్య ఉంటుంది. రోడ్డు పక్కన ఎండు పుల్లలు కూడా ఉంటాయి. ఆ రెండింటి మధ్య తేడాను ఎవరి ఖాతాలో రాస్తారు? ఏప్రిల్‌లో మొక్కలు ఎండితే నోటీసు వెళ్లేది ఈ కొత్త సర్పంచులకేనా?

ఇక్కడ మా నేల సంగతి చెప్పాలి. హైదరాబాద్‌లో కూర్చుని లక్ష్యాలు రాసేవాళ్లకు ఇది తెలియకపోవడానికి ఆస్కారం ఉంది. నారాయణఖేడ్ వైపు నల్లరేగడి ఎక్కువ. వానాకాలంలో అది నీళ్లు తాగి ఉబ్బుతుంది, మొక్క మొదట్లో నీళ్లు నిలిచి వేరు ఊపిరాడక కుళ్లుతుంది. ఫిబ్రవరి దాటగానే నేల బిగుసుకుని నెర్రెలు తీస్తుంది. చెయ్యి దూరేంత నెర్రెలు. నాటిన గుంత అంచున నెర్రె పడిందంటే లేత వేళ్లు పుటుక్కున తెగిపోతాయి. పైన ఆకులు ఇంకో వారం పచ్చగానే ఉంటాయి కాబట్టి ఫొటోకు ఏ లోటూ రాదు. ఎండాకాలంలోనే అడుగున్నర లోతు, అడుగున్నర వెడల్పు గుంత తీసి ఆరబెట్టి, మొరమో ఎర్రమట్టో చివికిన పశువుల ఎరువుతో కలిపి నింపి, వాన పడ్డాక నాటితే రేగడిలో కూడా మొక్క నిలుస్తుంది. వేసవిలో ఆకూ అలమూ, చెరకాకు, శనగ పొట్టు, ఏది దొరికితే అది పాదులో మందంగా కప్పితే నెర్రెలు తగ్గుతాయి. పోసిన నీళ్లు ఎక్కువ కాలం నిలుస్తాయి. చెదలు పట్టకుండా గుప్పెడు వేపపిండి వేస్తే చాలు. రైతులకు ఇవన్నీ కొట్టిన పిండి. మరి ‘గుంతలు తీయండి’ అని మీ ఆదేశం వచ్చేది ఎప్పుడు? వాన పడ్డాక, లక్ష్యం గడువుకు వారం ముందు! అప్పుడు తీసే గుంత లోతు గడ్డపార చెప్పదు, తొందర చెబుతుంది.

ఏ ఊరి రోడ్డు మీదైనా ఒక మొక్క దగ్గర బండి ఆపి దిగి చూడండి. వేరు చుట్టూ నర్సరీ కవరు సగం అలాగే ఉంటుంది. చింపి తీసే తీరిక నాటినవాళ్లకు లేదు. ఆ కవరులోనే వేరు గుండ్రంగా చుట్టుకుపోయి ఉంటుంది. ఊతకర్రకు మొక్కను ప్లాస్టిక్ సుతిలితో బిగించి కట్టి ఉంటారు. కాండం లావెక్కే కొద్దీ ఆ సుతిలి బెరడును కోసుకుంటూ లోపలికి దిగుతుంది. కర్ర మొదట్లో చెద. పాదు ఉండాల్సినచోట మట్టి గుట్టగా ఉంటుంది, నీళ్లు పోస్తే నిలవకుండా రోడ్డు వైపు పారిపోతాయి. కదిలే ట్యాంకరు వెనక పైపు పట్టుకున్న మనిషి మొక్క పక్కగా వెళ్తూ రెండు క్షణాలు నీళ్లు చల్లుతాడు. పైమట్టి నల్లబడుతుంది, అడుగున పొడి పొడిగానే ఉంటుంది. రోజూ ఇలా తడిపిన మొక్క వేరు నీటి కోసం కిందికి పోదు, పైపైనే పాకుతుంది. ఏప్రిల్‌లో రెండు వారాలు ట్యాంకరు రాకపోతే ముందు చచ్చేది అదే. వారానికి ఒక్కసారే అయినా పాదు నిండా పోసి ఇంకనివ్వమని ఆ మనిషికి ఎవరైనా చెప్పారా? ఎలా చెబుతారు? సాయంత్రానికి ఎన్ని మొక్కలకు నీళ్లు పెట్టావన్నదే కదా మీరడిగే ప్రశ్న!

ఇంత చేసి మొక్క పోయిందంటే ఊళ్లో ముందుగా నింద పడేది మేకల మీద. 2019 సెప్టెంబరులో హుజూరాబాద్‌లో హరితహారం మొక్కలు తిన్నాయని రెండు మేకలను పోలీసు స్టేషనుకు పట్టుకెళ్లారు. దేశమంతా నవ్వుకుంది. మేకల యజమాని జరిమానా కట్టాడు. అంతకు రెండేళ్ల ముందే, 2017లో, ప్రభుత్వమే ఊరూరా గొర్రెల యూనిట్లు పంచింది. ఒక శాఖ గొర్రెలను పంపింది, ఇంకో శాఖ మొక్కలను పంపింది. రెండింటికీ ఆ ఊరి పోరంబోకు, ఆ రోడ్డంచే దిక్కు. మేత ఎక్కడ మేపుకోవాలో ఆ కాపరులకు ఎవరు చూపించారు? గొర్రెల కాపరులతో మొక్కలు నాటే ముందే కూర్చుని, ఈ పట్టీ రెండేళ్లు వదలండి, ఆ పట్టీలో మేపుకోండి అని ఒప్పందం చేసుకుంటే జాలీల ఖర్చు సగం తగ్గేది. ముళ్లకంపకు మా వైపు కరువు లేదు. తుమ్మ కొమ్మలు నాలుగు మొక్క చుట్టూ గుచ్చితే ఇనుప జాలీకి తీసిపోని కాపలా.

నిప్పు సంగతి మీ నివేదికల్లో ఎక్కడా కనిపించదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పత్తికట్టె, కందికట్టె గట్ల మీద వేసి తగలబెట్టడం ఇక్కడ మామూలు. ఎండుగడ్డి మీదుగా మంట రోడ్డంచుకు పాకుతుంది. రెండేళ్లు నీళ్లు పోసి పెంచిన కానుగ మొక్క పావుగంటలో మాడిపోతుంది. రోడ్డంచు మొక్కల చుట్టూ రెండడుగుల మేర గడ్డి చెక్కించడానికి ఒక కూలి మనిషికి కొన్ని రోజులు పడుతుంది. ఆ రోజుల కూలి ఏ పద్దులో ఉందో చూపగలరా? ఉపాధి పథకం ఏ పేరుతో నడిచినా, గుంత తీయడానికి కూలి ఇచ్చినట్టే కలుపు తీయడానికి, నీళ్లు పోయడానికి కూడా మూడేళ్లపాటు కూలి ఇవ్వాలన్నది మేం అడిగేది.

‘ఇంటికి ఆరు మొక్కలు’ అన్నారు. సరే, మరి ఎవరింటికి? నారాయణఖేడ్ తండాల్లో దసరా, దీపావళి దాటాక ఎన్నో ఇళ్లకు తాళాలు పడతాయి. చెరకు నరకడానికి ఆలుమగలు పిల్లలతో సహా వలస పోతారు. ఫ్యాక్టరీల సీజను అయిపోయేదాకా వెనక్కి రారు. ముంగిట్లో మీరు పంచిన జామ మొక్కకు, ఉసిరి మొక్కకు నీళ్లు పోసేది ఎవరు? ఆ ఇంటి ముసలమ్మా? ఆమెకే బిందె మోసే ఓపిక లేదు. వలస పోయే తండాలను గుర్తించి ఆ ఇళ్ల మొక్కల బాధ్యత ఎండాకాలం పంచాయతీ తీసుకోవాలన్న ఒక్క వాక్యం మీ సర్క్యులర్‌లో చేర్చడానికి ఏం అడ్డం?

ఏ మొక్కలు అన్న సంగతి మీద ఎక్కువ రాయను. కోనోకార్పస్‌ను రాష్ట్రమంతా నాటించి, ఆ తర్వాత వద్దన్న ఘనత మన శాఖలదే. వేప, కానుగ, చింత, నేరేడు మా ఎండను తట్టుకుంటాయని చెప్పడానికి నిపుణుల కమిటీ అక్కర్లేదు.

మనకు పక్కనే ఉన్న కర్ణాటకలో సాలుమరద తిమ్మక్క నిరుడు నవంబరు 14న కన్నుమూశారు. హులికల్ నుంచి కుదూరు వెళ్లే దారిలో ఆమె, ఆమె భర్త చిక్కయ్య పెంచిన మర్రిచెట్లు 385. పద్మశ్రీ అందుకున్న తిమ్మక్క గురించి మీరూ ఉపన్యాసాల్లో చెబుతుంటారు. కానీ ఆ దంపతులు మొదటి ఏడాది నాటినవి పది. వాటికి దూరం నుంచి బిందెలతో నీళ్లు మోసి, ముళ్లకంప కట్టి, పశువుల నుంచి కాపాడుకుని, ఆ తర్వాతే ఇంకొన్ని నాటారు. తిమ్మక్క ఊరిలో మీ శాఖ ఉండి ఉంటే మొదటి ఏడాదే 385 గుంతలు తీయించేది. రెండో ఏడాదికి ఎన్ని మిగిలేవి? మన ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి వనజీవి రామయ్య నిరుడు ఏప్రిల్ 12న పోయినప్పుడు రాష్ట్రమంతా నివాళి పలికింది. మెడలో బోర్డు తగిలించుకుని, సైకిల్ మీద మొక్కలు, విత్తనాలు కట్టుకుని ఊరూరా తిరిగిన మనిషి ఆయన. నివాళి పలికితే సరిపోయిందా? వాళ్లిద్దరూ లక్ష్యాలు ఇచ్చిన మనుషులు కారు. చెట్టు అయ్యేదాకా మొక్క వెంట ఉన్న మనుషులు.

చెట్టుకు ప్రాణం పోయాలన్న మనసు మీ దగ్గర లేదని అనను. 2018లో మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెద పట్టి కొమ్మలు కూలుతుంటే, సెలైన్ సీసాల్లో మందు నింపి కాండానికి బొట్టు బొట్టుగా ఎక్కించారు. ఆ పెద్ద మర్రి మళ్లీ చిగురించింది. ఏడు వందల ఏళ్ల చెట్టుకు అంత వైద్యం చేయగలిగిన యంత్రాంగం ఏడు నెలల మొక్కకు వారానికి రెండు బకెట్ల నీళ్లు అందించలేదా?

డబ్బులు లేవంటే నమ్మడం కష్టం. హరిత నిధి పేరుతో ఉద్యోగుల జీతాల నుంచి, రిజిస్ట్రేషన్ల దగ్గర, చివరికి చదువుకునే పిల్లల అడ్మిషన్ల దగ్గర కూడా వసూళ్లు పెట్టారు. బడిపిల్లల రూపాయలు కూడా కలిసిన ఆ నిధిలోంచి బోరంచ లాంటి ఊరి ట్యాంకరుకు ఎండాకాలం డీజిల్ వచ్చిందా? వస్తే ఎంత? రాకపోతే ఎందుకు? ఇది మా సొమ్ము కాబట్టి అడుగుతున్నాం. మంజీర మా ఊరి పక్కనే పారుతుంది. నీళ్లకు కరువన్న సాకు మా దగ్గర చెల్లదు. ఏటి నుంచి మొక్క దాకా నీటిని చేర్చే మనిషి, బండి, డీజిల్ ఉన్నాయా అన్నదే మా ప్రశ్న.

నీడ మాకు ఎందుకో కూడా చెప్పాలా? మే నెలలో నారాయణఖేడ్ బస్సు కోసం ఊరి గేటు దగ్గర గంటసేపు నిలబడి చూడండి. చంటిపిల్లను ఎత్తుకున్న తల్లి కొంగు కప్పుకుని, కరెంటు స్తంభం నీడ ఎటు జరిగితే అటు జరుగుతుంటుంది. మా ఊరి నల్లపోచమ్మ గుడికి వచ్చే భక్తులు బండ్లు దిగి చెట్టు కోసం వెతుక్కుంటారు. ఊళ్లో నీడనిచ్చే పెద్ద చెట్లన్నీ మా తాతల నాటివి. పదేళ్ల హరితహారం, వనమహోత్సవం కలిసి కనీసం ప్రతి ఊరి గేటు దగ్గర నాలుగు నీడ చెట్లు నిలబెట్టి ఉంటే మేం ఈ ఉత్తరం రాసేవాళ్లం కాదు.

అందుకని మీ ముందు పెడుతున్న కోరిక ఒకటే, దానికి కొమ్మలు మూడు నాలుగున్నాయి. మొక్కల లెక్కను జూన్ మొదటి వారంలో, తొలకరికి ముందు తీయండి. నిరుడు నాటిన మొక్కల్లో, అంతకు ముందు ఏడాది మొక్కల్లో బతికినవి ఎన్నో గ్రామసభలో చదివి, పంచాయతీ గోడ మీద రాయించండి. ఆ సంఖ్యను బట్టే ఆ ఊరికి కొత్త మొక్కలు ఇవ్వండి. సగం చచ్చిన ఊరికి సగమే ఇవ్వండి, ముందు ఖాళీలు పూరించమనండి. ట్యాంకరు మోయగలిగినన్నే నాటించండి. మూడు వేలు నాటి మూడు వందలు మిగిలే కన్నా నాలుగు వందలు నాటి మూడు వందల యాభై నిలబెట్టడం ఊరికీ లాభం, ఖజానాకూ లాభం. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా మొక్కల కోసం ఒక కార్మికుణ్ని ప్రత్యేకంగా పెట్టి, అతనికి మోరీల పని చెప్పకండి. డీజిల్ డబ్బులు మార్చి ఒకటికల్లా పంచాయతీ ఖాతాలో వేయండి. ఇవన్నీ చేశాక కూడా మొక్కలు ఎండితే సర్పంచుకు నోటీసు ఇవ్వండి, మేమే సంతకం పెట్టి తీసుకొస్తాం.

లక్ష్యం తగ్గిస్తే పత్రికల్లో చిన్న అంకె వస్తుందని మీకు బెరుకు ఉండొచ్చు. 18 కోట్లు అన్న చోట 2 కోట్లు అనాల్సి వస్తే వేదిక మీద కాస్త వెలితిగా ఉంటుంది. ఆ వెలితిని ఓర్చుకునే ధైర్యం మీలో ఎవరికైనా ఉందా?

ఇంకో మాట. జూన్‌లో లెక్క తీయడానికి బోరంచకు వచ్చేటప్పుడు ముందు కబురు పంపకండి. పంపితే ఆ ముందు రోజు రాత్రికి ట్యాంకరు వస్తుంది.

ఇట్లు,
బోరంచ గ్రామస్థుడు,
నారాయణఖేడ్ ప్రాంతం, సంగారెడ్డి జిల్లా